మడత

తెలుగులో మడతకీ ముడతకీ తేడా ఒక్క కొమ్మే. మకారానికి కొమ్ము లేకపోతే మడత, ఇస్తే ముడత. ఈ రెండూ జంటలు జంటలుగా నడుస్తాయి: మడుచు, ముడుచు, మడుపు, ముడుపు. పేరంటంలో ఆకుమడుపు చేతికిస్తారు, ఏడుకొండలవాడికి ముడుపు కడతారు. పంచె మడుస్తాం, అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ముడుచుకుంటుంది. దుప్పటికి మడత పెడతాం, ముఖానికి ముడతలు పడతాయి. ఈ పెట్టడం, పడటం అనే రెండు క్రియల్లోనే ఆ రెండు మాటల స్వభావం తెలిసిపోతుంది. మడతకి ఒక గీత ఉంటుంది, ఒక వరస ఉంటుంది, విప్పితే విడిపోయే గుణం ఉంటుంది. ముడతకి ఇవేవీ లేవు.

మడత పెట్టేదే గానీ పడకూడదు. పడిందంటే ఎక్కడో ఏదో తేడా చేసినట్టే. మాట తప్పినవాణ్ణి నాలుక మడతేశాడంటాం. అది వాడి బుద్ధిదోషం. పక్షవాతం సోకిన మనిషిని చూసి నాలుక మడతపడుతోందంటాం, అది జబ్బు. ఒకే నాలుక, ఒకే మడత. క్రియ మారగానే నేరం కాస్తా రోగమైంది. తెలుగువాడి నోట్లో ఈ తేడా ఎంత సహజంగా పలుకుతుందో గమనిస్తే ముచ్చటేస్తుంది.

కన్నడంలోనూ ఇదే మడచు, తమిళంలో మడి. తమిళ మడికి ఒడి అనే అర్థం ఉంది, చనిపోవడం అనే అర్థమూ ఉంది. మన కావ్యభాషలో మడియు అంటే మరణించడమే. యుద్ధఘట్టాల్లో వీరులు మడుస్తూనే ఉంటారు. మడుచు, మడియు ఒకే వేరు నుంచి పుట్టాయని నేను వాదించబోవడం లేదు. నిఘంటువులో అవి ఇరుగుపొరుగున ఉన్నాయి, అంతే. కానీ మెదడు జబ్బుల గురించి చదువుతున్నప్పుడు ఆ ఇరుగుపొరుగుతనం నన్ను వదలదు. ఎందుకంటే ఆల్జైమర్స్, పార్కిన్సన్స్, హంటింగ్టన్స్ వంటి జబ్బుల మూలకథలో ప్రోటీన్ల మడతదే పెద్ద పాత్ర.

మన పత్రికలు ఈ కథని వేరే మాటతో చెబుతాయి. మెదడులో ప్రోటీన్లు పేరుకుపోవడం వల్ల మతిమరుపు వస్తుందని రాస్తాయి. పేరుకోవడం మంచి తెలుగు మాటే. చలికాలం నెయ్యి పేరుకుంటుంది, గోడమీద బూజు పేరుకుంటుంది. అయితే ఆ మాట ఎంత ఉందో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. ప్రోటీన్‌కి బడిపుస్తకాల్లో ఉన్న మాంసకృత్తు అనే పేరు ఈ పేరుకోవడానికి తోడైతే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. మాంసకృత్తు అంటే మాంసాన్ని చేసేది. పప్పు, గుడ్డు, పాలు కళ్లముందు మెదులుతాయి. మీ నాన్నగారి మెదడులో మాంసకృత్తులు పేరుకున్నాయని వింటే, అయితే పప్పు మానిపించాలా అని ఎవరికైనా తోస్తుంది. తోచడంలో తప్పు లేదు, మాట అలా తోపిస్తోంది. తిన్న పప్పులోని ప్రోటీన్ పొట్టలోనే ముక్కలైపోతుంది. మెదడులో ఉన్నవి మెదడు కణాలు తమకోసం తాము చేసుకున్నవి. వాటి విషయంలో అడగాల్సింది ఎంత ఉన్నాయని కాదు, ఏ ఆకారంలో ఉన్నాయని.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దారం. ఇరవై రకాల ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి వరసగా అతుక్కుని దారమవుతాయి. దారంగా ఉన్నంతసేపూ చాలా ప్రోటీన్లు ఏ పనీ చేయలేవు. తగిన తీరులో మడతపెట్టుకున్నాకే ఎంజైమో, కణపు తలుపో, రక్తంలో ప్రాణవాయువుని మోసేదో అవుతాయి. అమెరికాలో క్రిస్టియన్ అన్‌ఫిన్‌సెన్ 124 అమైనో ఆమ్లాల ఎంజైమ్ రైబోన్యూక్లియేజ్‌ని యూరియాలో వేసి, దాని బంధాలు కూడా తెంచి మడతలన్నీ విప్పేశాడు. ఆ మందులు తీసేయగానే అది తనంతట తానే మళ్లీ మునుపటి మడతలోకి వచ్చింది, పని మొదలెట్టింది. మడత ఎలా పెట్టుకోవాలో దారంలోనే రాసి ఉందన్నమాట. ఆ పనికి ఆయనకి 1972లో నోబెల్ వచ్చింది.

అంతకు కొన్నేళ్ల ముందే మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, తన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి, ప్రోటీన్ దారం ఏ కోణంలో తిరగగలదు, ఏ కోణంలో తిరగలేదు అన్నదానికి పటం గీశారు. 1963లో అచ్చయిన ఆ పటం ప్రపంచంలో జీవరసాయనం చదివే ప్రతి విద్యార్థికీ రామచంద్రన్ ప్లాట్‌గా తెలుసు. పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొనే మడతలకి అందులో చోటు లేదు. ఎక్కడ మడవొచ్చు, ఎక్కడ మడవకూడదు అనే ధర్మశాస్త్రం అది. ఆ పటం గీసిన మనిషి చివరి ఏళ్లలో పార్కిన్సన్స్‌తో బాధపడ్డారు. ప్రోటీన్ మడతకీ ఆ జబ్బుకీ ఉన్న సంబంధం తెలిసినవాళ్లకి ఈ సంగతి మనసులో గుచ్చుకుంటుంది.

ఇక్కడ మాటల చరిత్రలో నాకు చాలా ఇష్టమైన మలుపు ఒకటుంది. ప్రోటీన్ల ఆకారాలకి మడత అనే మాట వాడటం ఊరికే వచ్చిన అలంకారం కాదు. ఈ శాస్త్రం నిజంగానే బట్టల మధ్య పుట్టింది. ఇంగ్లండులో లీడ్స్ ఉన్నినేతల ఊరు. అక్కడి విశ్వవిద్యాలయంలో విలియం ఆస్ట్‌బరీ 1930ల్లో ఉన్నిపోగుల మీదికి ఎక్స్‌రేలు పంపి చూశాడు. మామూలు ఉన్ని ఒక చిత్రం ఇచ్చింది, సాగదీసిన ఉన్ని వేరే చిత్రం ఇచ్చింది. మొదటిదాన్ని ఆల్ఫా అన్నాడు, రెండోదాన్ని బీటా అన్నాడు. 1951లో లైనస్ పాలింగ్, రాబర్ట్ కోరీలు ఆ రెంటి ఆకారాలూ తేల్చారు. ఆల్ఫా అంటే పురి తిరిగిన దారం. బీటా అంటే పోగులు పక్కపక్కన చేరి ముందుకీ వెనక్కీ వంగిన పలక. ఇంగ్లీషులో దానికి వాళ్లు పెట్టిన పేరుని తెలుగులో చెప్పాలంటే కుచ్చిళ్ల పలక అనాలి. చీర కట్టుకునే ప్రతి తెలుగింటి ఆడమనిషి వేళ్లకీ తెలిసిన ఆకారం అది. పురి, పోగు, పేట, కుచ్చిళ్లు, చిక్కు, మడత: ఈ శాస్త్రానికి కావలసిన పరికరాలన్నీ మన సాలెవాడలోనూ చీరల బీరువాలోనూ ఉన్నాయి. మనం వాటిని వదిలేసి సంస్కృత సమాసాలు వెతుక్కుంటూ కూర్చున్నాం.

బట్టల గొడవ అక్కడితో ఆగదు. మెదడు జబ్బుల్లో కనిపించే ప్రోటీన్ పెళ్లలకి అమైలాయిడ్ అని పేరు. 1854లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో శవాల్లో కనిపించిన ఒక రకం ముద్ద మీద అయోడిన్ పోస్తే గంజిపిండి రంగు మారినట్టే మారింది. అది గంజిజాతి పదార్థమే అనుకుని, గంజివంటిది అనే అర్థంలో ఆ పేరు స్థిరపరిచాడు. ఐదేళ్లు తిరగకుండానే, 1859లో, ఫ్రీడ్రిష్, కెకూలే అది గంజి కాదు, ప్రోటీనే అని తేల్చారు. పేరు మాత్రం పోలేదు. ఆ ప్రోటీన్‌ని గుర్తుపట్టడానికి ఈనాటికీ పాథాలజీ ల్యాబుల్లో వాడే కాంగో రెడ్ కూడా బట్టల రంగే. మచిలీపట్నం కలంకారీలో ఎరుపు నిలవాలంటే పటిక కావాలి. 1880ల్లో జర్మనీలో తయారైన కాంగో రెడ్‌కి అటువంటి సాయం అక్కరలేదు, నూలుకి నేరుగా పట్టేస్తుంది. ఆ రంగు అమైలాయిడ్‌కి కూడా పడుతుందని 1922లో బెన్‌హోల్డ్ చూశాడు. 1927లో బెల్జియంలో డివ్రీ, రంగు పట్టిన మెదడు పెళ్లల్ని ధ్రువిత కాంతిలో చూసినప్పుడు అవి ఆకుపచ్చగా మెరిశాయి. మెరుపు ఉందంటే లోపల వరస ఉన్నట్టు. గజిబిజి ముద్ద అలా మెరవదు. ముడత కాదు ఇది, మడత అని ఆ మెరుపు అప్పుడే చెప్పింది. అందరికీ అర్థం కావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది: 1968లో ఈన్స్, గ్లెన్నర్ ఎక్స్‌రేలతో చూసి, అమైలాయిడ్ పోగుల్లో ఉన్నవి బీటా కుచ్చిళ్లేనని చూపారు.

ఆల్జైమర్స్ కథ మొదలైన మనిషి పేరు అగుస్త డీటర్. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేర్చేనాటికి ఆమెకి 51 ఏళ్లు. పేరు రాయమంటే శ్రీమతి అని రాసి, తర్వాత ఏం రాయాలో మరిచిపోయి ఆగిపోయిందని డాక్టర్ అలోయిస్ ఆల్జైమర్ ఆమె కాగితాల్లో రాసిపెట్టాడు. ఆ ఫైలు 1995లో మళ్లీ దొరికింది. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది. అప్పటికి మ్యూనిక్‌కి వెళ్లిపోయిన ఆల్జైమర్ ఆమె మెదడుని తెప్పించుకుని, వెండి లవణంతో రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూశాడు. కణాల బయట పెళ్లలు, కణాల లోపల కట్టలు కట్టిన నూలుపోగులు కనిపించాయి. కొన్నిచోట్ల కణం పోయి, ఒక కట్ట మాత్రమే మిగిలి ఉంది. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఈ సంగతి చెప్పాడు.

ఆ కట్టలకి తెలుగులో చిక్కు అనే మాట అతికినట్టు సరిపోతుంది. దారం చిక్కుపడుతుంది, జుట్టు చిక్కుపడుతుంది. జబ్బుపడిన మనిషి చిక్కిపోతాడు కూడా. ఆల్జైమర్స్‌లో ఈ రెండర్థాలూ ఒకేచోట నిజమవుతాయి: కణాల్లో చిక్కుపడుతుంది, మెదడు చిక్కిపోతుంది. 1963లో మైకేల్ కిడ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే, ఆ చిక్కులోని ఒక్కొక్క పోగూ రెండు పేటలు పురిపెట్టిన తాడులా కనిపించింది. బయటి పెళ్లల్లో ఉన్నది 40, 42 అమైనో ఆమ్లాల పొట్టి ముక్క. దాన్ని 1984లో గ్లెన్నర్, వాంగ్ విడదీసి చదివారు. బీటా అమైలాయిడ్ అంటున్నది దాన్నే. లోపలి చిక్కులో ఉన్నది టౌ అనే వేరే ప్రోటీన్.

టౌ దగ్గర కాస్త నిలబడాలి. మడత అనే మాటకి అసలు పరీక్ష ఇక్కడే ఉంది.

నాడీకణం లోపల సన్నని గొట్టాల దారులుంటాయి. వాటి వెంట సరుకు నడుస్తుంది. టౌ ఆ దారుల్ని పట్టుకుని ఉండే ప్రోటీన్. అది ఎప్పుడు పట్టుకోవాలో ఎప్పుడు వదలాలో దానికి అతికే ఫాస్ఫేట్లు నిర్ణయిస్తాయి. ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో కనుగొన్న పదార్థమే ఈ ఏటీపీ. ఆల్జైమర్స్ చిక్కుల్లోని టౌకి ఉండాల్సినదానికంటే ఎన్నో ఎక్కువ ఫాస్ఫేట్లు అతుక్కుని ఉంటాయి. సరే, ఇంతకీ ఆరోగ్యంగా ఉన్న టౌ మడత ఏమిటి? దానికి మడతే లేదు. పేరుగాంచిన ప్రోటీన్లన్నీ చక్కగా మడతపెట్టుకుని పనిచేస్తుంటే, టౌ విడిదారంగా, ఎటంటే అటు కదులుతూ పనిచేస్తుంది. పార్కిన్సన్స్‌లో పేరుకునే 140 అమైనో ఆమ్లాల ఆల్ఫా సిన్యూక్లిన్ కూడా, కణపొర మీద వాలనంతసేపూ, దాదాపు అటువంటిదే. ప్రోటీన్ల ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాము తయారుచేసినవాళ్లకి 2024లో నోబెల్ వచ్చింది. టౌ ఆకారం అడిగితే ఆ ప్రోగ్రాము కూడా నమ్మకం లేని గీతలే గీసి ఊరుకుంటుంది.

అయితే ఈ జబ్బుల్ని ఇంగ్లీషులో పిలిచే తీరు చూడండి. ప్రోటీన్ తప్పుగా మడతపడింది అంటారు. తప్పు మడత అన్నామంటే ఒప్పు మడత ఒకటి ఉండాలి. టౌకి ఆ ఒప్పు మడతే లేనప్పుడు తప్పు ఎక్కడిది?

2017లో కేంబ్రిడ్జ్‌లోని వైద్యపరిశోధన మండలి ప్రయోగశాలలో మిషెల్ గోదెర్ట్, షోర్స్ షేరెస్, వాళ్లతోపాటు ఆంథొనీ ఫిట్జ్‌పాట్రిక్, ఆల్జైమర్స్‌తో మరణించిన ఒక వ్యక్తి మెదడు నుంచి టౌ పోగులు తీసి, గడ్డకట్టించి, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పరమాణువుల వరస తెలిసేంత దగ్గరగా చూశారు. మెదడులోని టౌ రకాల్లో పొడవైనదానికి 441 అమైనో ఆమ్లాలుంటే, పోగు నడిమిభాగంలో గట్టిగా మడతపడి ఉన్నవి 306 నుంచి 378 వరకే. ఆ 73 ఆమ్లాలూ అర్ధచంద్రంలా వంగి, ఒక్కొక్క అణువూ కింది అణువు మీద అచ్చుగుద్దినట్టు పేర్చుకుని ఉంది. ఎక్కడా గజిబిజి లేదు. తర్వాతి ఏడాది పిక్స్ అనే మరో మెదడు జబ్బులోని టౌని చూశారు. ప్రోటీన్ అదే, మడత వేరు. 2019లో తలకి పదేపదే దెబ్బలు తగిలిన క్రీడాకారులకి వచ్చే జబ్బులో చూశారు. ఇంకో మడత. ఒకే జబ్బుతో పోయిన వేరువేరు మనుషుల్లో మాత్రం మళ్లీ అదే మడత. జబ్బుకొక మడత ఉంది. ఆ మడత చూసి చాలావరకు జబ్బు పేరు చెప్పొచ్చు.

పైగా ఈ మడతలు రామచంద్రన్ పటానికి విరుద్ధమైనవేమీ కావు. బీటా కుచ్చిళ్లకి ఆయన పటంలో దర్జాగా చోటుంది. రసాయనశాస్త్రం వీటిని కాదనదు, కాదనేది కణమే. అందుకే తప్పు మడత అనే అనువాదం నాకు రుచించదు. దానికి బదులు కానిమడత అంటే బాగుంటుంది. కానిపని, కానిచోటు, కానికాలం అంటాం కదా. కానికాలంలో వచ్చిన వానలో వానదనం ఏమీ తగ్గదు, రాకూడని వేళ రావడమే దాని దోషం. టౌకి పట్టింది అటువంటి మడత. అది కుదురైనదే, గట్టిదే, వరసైనదే. పడకూడని చోట పడింది.

కానిమడతకి ఇంకో లక్షణం ఉంది, అదే దీన్ని ప్రాణాంతకం చేస్తుంది. అది పక్కదాన్ని కూడా తనలా మడుస్తుంది. ఈ సంగతికి దారితీసిన ఆనవాలు ఒకటి దొరికింది పాపువా న్యూగినీ కొండల్లో. అక్కడి ఫోరే జనంలో కురు అనే జబ్బు ఉండేది. వాళ్ల భాషలో కురు అంటే వణకడం. చనిపోయిన బంధువుల దేహాన్ని తినడం వాళ్ల అంత్యక్రియల్లో భాగం. మెదడు ఎక్కువగా ఆడవాళ్లకీ పిల్లలకీ దక్కేది. జబ్బు కూడా ఎక్కువగా వాళ్లకే వచ్చేది. ఆ ఆచారం 1960 నాటికి ఆగింది. అయినా చిన్నప్పుడు తిన్న కొందరికి నలభై, యాభై ఏళ్ల తర్వాత కూడా వణుకు మొదలైంది. పోయినవాళ్ల పట్ల ప్రేమతో చేసిన పని అది. దాన్ని అనాగరికమని ఈసడించేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ జబ్బు అంటుకునేదని తేల్చిన గజ్డుసెక్‌కి 1976లో నోబెల్ వచ్చింది. ఇటువంటి జబ్బుల్ని అంటించేది క్రిమి కాదు, ప్రోటీనే అని (దాని మడత మారడమే కారణమని తర్వాత తేలింది) 1982లో స్టాన్లీ ప్రూసినర్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1997 నాటికి నోబెల్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆల్జైమర్స్ టౌ కూడా మెదడు లోపల ఒక కణం నుంచి పక్క కణానికి ఇలాగే పాకుతుందని ఇప్పుడు ఆధారాలున్నాయి. పాకడం ఒక మెదడు లోపలి మాట. పక్కన కూర్చుని అన్నం తినిపించినంత మాత్రాన, ఒక మంచం మీద పడుకున్నంత మాత్రాన ఆల్జైమర్స్ ఎవరికీ అంటదు. ఈ ఒక్క వాక్యం ప్రతి తెలుగింటికీ చేరాలి.

ఇంటి ప్రసక్తి వచ్చింది కాబట్టి చాదస్తం గురించి ఒక మాట. అసలు అది ఛాందసం, వేదం చదివినవాడి గుణం. చెప్పిందే చెప్పడం, పట్టిందే పట్టడం అనే అర్థంలోకి జారి, చివరికి ముసలివాళ్ల నెత్తిన పడింది. వయసు మీదపడింది, చాదస్తం పెరిగింది అనేసి ఊరుకుంటాం. దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియాతో, అంటే మతి క్షీణించే జబ్బుతో ఉన్నారని, అంటే దాదాపు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన జాతీయ అంచనా. వాళ్లలో ఎంతమంది ఇళ్లలో చాదస్తం అనే ముద్ర కింద బతుకుతున్నారో ఆలోచిస్తే దుఃఖం వస్తుంది. చాదస్తం అనేది స్వభావానికి పెట్టే పేరు. మెదడులో కానిమడత పడిన మనిషిది స్వభావం కాదు, అది శరీరంలో జరుగుతున్న ఒక మార్పు. అరిచినా, విసుక్కున్నా, గుర్తుతెచ్చుకోమని బలవంతపెట్టినా ఆ మడత విడదు. అమైలాయిడ్ పెళ్లల్ని కరిగించే లెకానెమాబ్ లాంటి మందులు వచ్చాయి. 18 నెలల పరీక్షలో అది జబ్బు ముదరడాన్ని 27 శాతం నెమ్మదింపజేసింది. మెదడు వాపు, రక్తస్రావం భయం వెంట ఉంది. పోయిన జ్ఞాపకం వెనక్కి రాలేదు. టౌ మడతని విప్పే మందు ఇంకా చేతికి రాలేదు.

అటువంటి మందు రావాలంటే చూడటానికి మెదళ్లు కావాలి. ఎలుకలో పెంచిన టౌ మనిషి టౌలా మడతపడుతుందనే హామీ లేదు; పరీక్షనాళికలో హెపారిన్ అనే పదార్థం కలిపి తయారుచేసిన టౌ పోగుల్ని చూస్తే మడత వేరుగా వచ్చింది. ఆల్జైమర్స్ మడత ఇదీ అని తెలిసింది, ఒక కుటుంబం తమ మనిషి మెదడుని ఇవ్వడానికి ఒప్పుకున్నందుకే.  ఇప్పుడు అడిగి, సంతకం తీసుకునే తీసుకుంటారు. మన దక్షిణాదిలో బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మానవ మెదడు కణజాల భాండాగారం నడుస్తోంది. నేత్రదానం మనకి తెలుసు, వైద్యకళాశాలలకి దేహదానం చేసేవాళ్లూ మన ఊళ్లలో ఉన్నారు. మెదడు దానం అనే మాట మాత్రం ఇంకా మన నోళ్లలో నలగలేదు. జబ్బు ఉన్నవాళ్ల మెదడు ఎంత అవసరమో, పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్లది కూడా అంతే అవసరం. మరణం తర్వాత గంటల వ్యవధిలోనే తీసుకోవాలి గనుక ఈ నిర్ణయం ముందే జరిగి ఉండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే, మీరూ మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే, ఈ సంగతి ఒకసారి మాట్లాడుకోండి.